కొండకు పోయే ముందు బ్రేక్ ఆయిల్ మార్పించు

అల్లుడూ,

సెకండ్ హ్యాండ్ కారు తీసుకున్నావనీ, వచ్చే వారం అందరూ కలిసి చిత్తూరు నుంచి తిరుమలకు పోతున్నారనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. ఇంజన్ ఆయిల్ మార్పించావట, టైర్లు కొత్తవి వేయించావట. బ్రేక్ ఆయిల్ సంగతి అడిగితే మాత్రం "డబ్బా నిండుగానే ఉందంట" అనింది. అందుకే ఈ ఉత్తరం.

డబ్బా నిండుగా ఉంటే చాలదు నాయనా. ముసురు రోజుల్లో ఉప్పు చెమ్మగిలినట్టు, ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూత దగ్గర నుంచీ, చక్రాలకు పోయే రబ్బరు పైపుల గుండానూ కొంచెం కొంచెంగా చేరుతుంది. బ్రేక్ ఆయిల్‌లో డాట్ 3, డాట్ 4 అని రకాలుంటాయి. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి. తేమ 3.7 శాతానికి చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి.

ఊళ్లో తిరిగేటప్పుడు ఈ తేడా తెలియదు. కొండ దిగేటప్పుడు తెలుస్తుంది. 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డులోనే ఇప్పుడు బండ్లను కిందికి పంపుతారు. మలుపు మలుపుకూ బ్రేకే. కాలు తీయకుండా వస్తే డిస్కులు కాగుతాయి, ఆ వేడికి ఆయిల్‌లో ఆవిరి పుడుతుంది. ఆయిల్ నొక్కుకుపోదు కాబట్టే నీ కాలి బలం చక్రానికి అందుతోంది. ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ మెత్తగా అడుగుదాకా దిగుతుంది, బండి ఆగదు. చల్లారాక మళ్లీ అంతా మామూలే, షెడ్డులో చూపిస్తే లోపమే కనబడదు. నాకు భయం అక్కడే.

చాలా కంపెనీలు రెండేళ్లకు మార్చమంటాయి, కొన్ని మూడు అంటాయి. ఇటు తిరుమల, అటు మొగిలి ఘాట్, భాకరాపేట కనుమ ఉన్న మన వైపు రెండేళ్లే పెట్టుకో. బండి తక్కువ తిరిగింది కదా అనుకోవద్దు, నిలబెట్టినా తేమ చేరుతుంది. రంగు తేటగా ఉందని కూడా నమ్మవద్దు. పాత ఓనర్ ఎప్పుడు మార్చాడో నీకు తెలియదు కాబట్టి ఇప్పుడే మార్పించెయ్.

డబ్బాలోది సిరంజితో లాగి కొత్తది పోస్తామంటే ఒప్పుకోవద్దు. నాలుగు చక్రాల దగ్గరా పాతదంతా కారిపోయి కొత్తది రావాలి, గాలి బుడగ మిగలకూడదు. సీలు నీ ఎదుటే తీయమను. ఎప్పుడో తెరిచిన సీసాలోది వద్దు. మూత మీద ఏ డాట్ రాసి ఉంటే అదే పోయించు. డాట్ 5 అని ఉన్నది సిలికాన్‌ది, దాన్ని డాట్ 3, డాట్ 4లలో కలపకూడదు. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగమను, లేకుంటే రంగు లేచిపోతుంది.

తర్వాత ఎప్పుడైనా లెవెల్ తగ్గితే ఊరికే పోసి మూత పెట్టవద్దు. ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతుండాలి.

కొండ దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో పెట్టి ఇంజన్ మీదే దించు. దిగడానికి కనీస సమయం ఎలాగూ పెట్టారు, తొందరపడి లాభం లేదు. పెడల్ మెత్తబడితే గబగబా పంపు చెయ్యి, గేర్ తగ్గించు, హ్యాండ్ బ్రేక్ మెల్లగా లాగుతూ పక్కన ఆపి చల్లారనివ్వు.

మార్చిన తేదీ రాసి బానెట్ లోపల అతికించు. బయల్దేరే ముందు రోజు మీ నాయనను పక్కన కూర్చోబెట్టుకుని ఖాళీ రోడ్డులో ఒకసారి బ్రేకు పట్టి చూడు, పెడల్ ఎలా ఉందో ఫోన్‌లో చెప్పు.

మీ మామ