కుక్కపిల్లను మందలోకి దింపబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

గొర్రెలు కాసే బోర్డర్ కోలీ జాతికి చెందిన నీ కుక్కపిల్లకు ఏడు నెలలు నిండాయనీ, వచ్చే ఏడాదికల్లా దానిని మంద తోలే పోటీలో నిలబెట్టాలనుకుంటున్నావనీ రాశావు. ఆ గడువు పెట్టవలసినది నీవు కాదు, ఆ పిల్ల. పరుగెత్తే గొర్రెను దాటి ముందుకు వెళ్లి మలపగలిగే సత్తువ కాళ్లకూ, మందలింపును తట్టుకునే నిబ్బరం మనసుకూ వచ్చిన తరువాతే దానిని గొర్రెల దగ్గర విడవాలి. చాలా పిల్లలకు అది పది నెలలు, సంవత్సరం మధ్యలో వస్తుంది. కొన్నింటికి ఇంకా ఆలస్యమవుతుంది. అంతవరకు పిలిస్తే రావడం, ఆగమంటే ఉన్నచోటనే ఆగడం నేర్పితే చాలు.

మొదటి పాఠానికి కుక్కలకు అలవాటుపడిన నాలుగైదు నెమ్మదైన గొర్రెలనే ఎంచుకో. పాలుతాగే పిల్లలున్న తల్లి గొర్రె కుక్క మీదికి తిరగబడుతుంది. ఆ వయసులో తిన్న ఒక్క దెబ్బతో బెదిరిపోయిన కుక్కలను నేను చూశాను. చిన్న ఆవరణలో విడిచినప్పుడు, పుట్టుకతో మంద కాసే గుణమున్న కుక్కపిల్ల, గొర్రెలకు అవతలి వైపుకు చేరి వాటిని నీ వైపుకు తేవాలని చూస్తుంది. గడియారపు ముఖం మీద నీవు ఆరు దగ్గర ఉంటే అది పన్నెండు దగ్గర నిలుస్తుంది. నీవు పక్కకు జరిగితే, ఆ ఎదురును నిలుపుకోవడానికి అదీ జరుగుతుంది. మనం నేర్పేది ఈ గుణాన్ని కాదు, దానికి ఒక పేరు పెట్టి పిలవడాన్ని మాత్రమే. అది ప్రదక్షిణగా తిరుగుతున్నప్పుడు ఇంగ్లీషులో ‘కమ్ బై’ అనీ, అప్రదక్షిణగా తిరుగుతున్నప్పుడు ‘అవే’ అనీ అంటారు. నీవు తెలుగు మాటలే వాడుకోవచ్చు. రెండు మాటలూ గాలిలో దూరం నుంచి విన్నా ఒకదానితో ఒకటి కలవకుండా ఉంటే సరి.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచినది: నీ చూపు కుక్క మీద కాదు, గొర్రెల మీద ఉండాలి. ప్రతి మందకూ కంటికి కనిపించని ఒక గీత ఉంటుంది. కుక్క దానికి అవతల ఉన్నంతసేపు గొర్రెలు తలెత్తి చూస్తాయి. గీత తొక్కగానే కదులుతాయి. దూసుకువస్తే చెల్లాచెదురవుతాయి, లేదా ఒకటి కాలు నేలకేసి కొట్టి ఎదురు నిలుస్తుంది. గొర్రెల తలలు ఎటు తిరిగాయో గమనించేవాడికి అవి ఎటు పారిపోబోతున్నాయో ముందే తెలుస్తుంది; కుక్కనే చూస్తున్నవాడు అవి పారిపోయాక అరుస్తాడు. ఈ కుక్కకు తినుబండారం బహుమతి కాదు, గొర్రెల దగ్గర ఉండనివ్వడమే బహుమతి. కనుక తప్పు చేసినప్పుడు నీవు అడ్డుపడి దారి మూయడం, సరిదిద్దుకోగానే పక్కకు తప్పుకోవడం వందసార్లు గద్దించడం కన్నా బాగా పనిచేస్తుంది.

దూరాన ఉన్న మంద వెనుకకు చుట్టి వెళ్లే పరుగును తొందరపడి పెంచకు. కుక్క నీ కాళ్ల దగ్గర నుంచి బయలుదేరి, బేరిపండు ఆకారంలో వెడల్పుగా తిరిగి, గొర్రెలను కలవరపెట్టకుండా వాటి వెనుకకు చేరాలి. అది అడ్డదారిన లోపలికి కోసుకువస్తుంటే, దూరం తగ్గించి, నీవే గొర్రెల దగ్గరకు నడిచి దానిని బయటికి నెట్టు. చాలామంది దీనికి విరుద్ధంగా దూరం పెంచి, గొంతు కూడా పెంచుతారు.

పోటీ విషయానికి వస్తే, బ్రిటన్‌లో తొలి పోటీగా చెప్పుకునేది 1873లో వేల్స్‌లోని బాలాలో జరిగింది. ఇలాంటి పోటీలు నడిపే అంతర్జాతీయ షీప్ డాగ్ సొసైటీ 1906లో ఏర్పడింది. 1893లో ఇంగ్లండులోని నార్తంబర్లాండ్‌లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్కను నేటి బోర్డర్ కోలీలకు మూలపురుషుడిగా లెక్కించడానికి కారణం, అది మొరగకుండా, కరవకుండా, ఉత్త చూపుతోనే మందను కదిలించడం. మార్కులలోనూ ఆ నెమ్మదికే విలువ. స్థలాన్ని బట్టి కొద్దిగా మారినా, సాధారణంగా చుట్టుపరుగుకు 20, మందను తొలిసారి కదిలించడానికి 10, నీ దగ్గరకు తేవడానికి 20, నీ నుంచి దూరంగా తోలడానికి 30, మందలో కొన్నింటిని విడదీయడానికి 10, దొడ్డిలో పెట్టడానికి 10 ఉంటాయి. న్యాయనిర్ణేత మార్కులు వేయడు, ప్రతి తప్పుకూ తీసేస్తాడు. తొలి కదలికకు పదే కదా అనుకోకు. అక్కడ బెదిరిన గొర్రెలు చివరిదాకా ఆ కుక్కను నమ్మవు. దూరంగా తోలడానికి 30 మార్కులున్నా, అది కుక్క పుట్టు స్వభావానికి ఎదురైన పని. నీ దగ్గరకు తేవడం స్థిరపడిన తరువాతే ఆ పని మొదలుపెట్టు. దొడ్డి దగ్గర తలుపు తాడు నీ చేతి నుంచి జారకూడదని మాత్రం గుర్తుంచుకో.

నా మొదటి కుక్కను ఏడాదిన్నరకే పోటీలో దింపాను. తోలుతుండగా ఒక గొర్రె తిరగబడింది. నేను కంగారుగా ఈల మీద ఈల వేశాను. కుక్క దాని కాలిని కరిచి పట్టింది. కరిచింది కనుక అక్కడితో మా వంతు ముగిసింది. ఆ తరువాత కుక్కకు ధైర్యం తిరిగి రావడానికి ఒక ఎండాకాలమంతా పట్టింది. తప్పు దానిది కాకపోయినా.

పాఠం పావుగంట దాటనివ్వకు; కుక్క ఇంకా పని కావాలంటున్నప్పుడే ‘చాలు’ అని పిలిచి తీసుకువెళ్లు. తరువాతి ఉత్తరంలో అది ఎంత వేగంగా తిరిగిందో కాక, గొర్రెలకు ఎన్ని అడుగుల దూరంలో తనంతట తాను ఆగిందో రాయి. దాన్ని బట్టి తరువాతి పాఠం చెబుతాను.

ఇట్లు,
నీ పెదనాన్న