ఆత్మానుసారమైన నడక: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను బాప్తిస్మం పొంది చాలా సంవత్సరాలైంది. మద్యం ముట్టను, సినిమాలు చూడను, వారానికొక రోజు ఉపవాసం ఉంటాను. అయినా ఉపవాసం ఉన్న రోజునే ఇంట్లోవారిపై ఎక్కువగా విసుక్కుంటున్నాను. నా తరువాత సంఘంలో చేరిన ఒకరికి పరిచర్యలో బాధ్యత అప్పగించినప్పుడు లోలోపల రగిలిపోయాను. శరీరస్వభావము గలవారు దేవుణ్ణి సంతోషపరచలేరని రోమా పత్రికలో చదివినప్పటి నుండి, అసలు నాలో పరిశుద్ధాత్మ ఉన్నాడా అనే సందేహం పట్టుకుంది. పరిశుద్ధాత్మ వరంగా చెప్పే, నేర్చుకోని భాషలతో నేను ఇంతవరకు మాట్లాడలేదు కూడా. నా స్థితి ఏమిటి?
— ఒక సహోదరుడు

జవాబు: మీరు జయించానని చెప్పిన విషయాలన్నీ నోటికి, కంటికి, కడుపుకు సంబంధించినవి. మిమ్మల్ని ఓడిస్తున్నాయని చెప్పిన కోపం, అసూయ తోటి మనుషులకు సంబంధించినవి. ఈ తేడాను మీరు గమనించి వ్రాశారో, గమనించకుండానే వ్రాశారో తెలియదు గాని, మీ ప్రశ్నకు జవాబు అక్కడి నుండే మొదలుపెట్టాలి.

గలతీ పత్రిక 5వ అధ్యాయం 19 నుండి 21 వరకు గల వచనాలలో పౌలు శరీరకార్యాలను పేర్కొన్నాడు. మనం చదువుకునే తెలుగు బైబిలులో ఆ వరుసలో 15 పేర్లున్నాయి. శరీరకార్యాలు అనగానే జారత్వము, మత్తతలు మనకు వెంటనే గుర్తుకు వస్తాయి; ప్రసంగాలలో తరచుగా వినిపించేవి కూడా అవే. కాని ఆ 15లో ద్వేషములు, కలహము, మత్సరములు, క్రోధములు, కక్షలు, భేదములు, విమతములు, అసూయలు అనే 8, అంటే సగానికి మించినవి, మనుషుల మధ్య సహవాసాన్ని చెరిపేవి. వీటికి మద్యంతో పని లేదు, చెడ్డ స్నేహంతో పని లేదు. ప్రార్థన కూటంలో మోకాళ్ల మీద ఉండి కూడా వీటిని పెంచుకోవచ్చు. అపవాదికి, అంటే సాతానుకు, మాంసపు దేహం లేదు, అయినా గర్వంలోనూ అసూయలోనూ వాడిని మించినవాడు లేడని తొలి శతాబ్దాల సంఘ బోధకుడైన అగస్టీను ఏనాడో ఎత్తి చూపాడు. కాబట్టి పౌలు శరీరమని ఖండించినది మన చర్మాన్నీ ఎముకలనూ కాదు. దేవుణ్ణి పక్కకు నెట్టి, తన మీద తానే ఆధారపడి, తనకోసమే బ్రతకాలని చూసే పాత స్వభావాన్ని.

ఆ స్వభావం భక్తి వేషం కూడా వేయగలదు. గలతీయ సంఘాలలోని గొడవ విచ్చలవిడితనంతో మొదలైనది కాదు. సున్నతి పొంది ధర్మశాస్త్రాన్ని ఆచరిస్తే తప్ప పూర్తి విశ్వాసులు కాలేరన్న బోధతో మొదలైంది. అందుకే పౌలు, "మొదట ఆత్మానుసారముగా ఆరంభించి, యిప్పుడు శరీరానుసారముగా పరిపూర్ణులగుదురా?" అని వారిని నిలదీశాడు. ఫిలిప్పీ పత్రిక 3వ అధ్యాయంలో తాను ఒకప్పుడు శరీరాన్ని ఆస్పదం, అంటే ఆధారం, చేసుకోవడానికి కారణమైనవాటిని చెప్పుకొచ్చినప్పుడు కూడా ఆయన ముందుగా పేర్కొన్నవి పాపాలు కావు: ఎనిమిదవ దినమున పొందిన సున్నతి, బెన్యామీను గోత్రం, పరిసయ్యుల నిష్ఠ. ఇది చదివినప్పుడు మీ ఉపవాసం గురించి ఒక మాట అడగాలనిపిస్తుంది. ఆ రోజున ఇంట్లోవారు మిమ్మల్ని ప్రత్యేకంగా చూడాలని, మీ ముందు గొంతు తగ్గించి మాట్లాడాలని, మీ అలసటను గుర్తించాలని మీలో ఎక్కడైనా ఒక ఆశ ఉందా? ఉంటే, మీ విసుగుకు కారణం ఖాళీ కడుపు మాత్రమే కాదు. ఉపవాసముంటూనే కలహపడుతూ పనివారిని బాధపెట్టిన ప్రజలతో యెషయా 58వ అధ్యాయంలో దేవుడు పలికిన మాటలను ఒకసారి నిదానంగా చదవండి. ఉపవాసం మానేయమని నేను చెప్పడం లేదు. దేహాన్ని శిక్షించుకునే నియమాలు చూడడానికి జ్ఞానంగా కనిపించినా శరీరేచ్ఛను అదుపు చేయడంలో కొరగానివని కొలొస్సయుల పత్రిక 2వ అధ్యాయం చివరిలో ఉన్నది కాబట్టి, ఉపవాసం చేయలేని పనిని ఉపవాసానికి అప్పగించవద్దని మాత్రమే అంటున్నాను.

ఇక మీ సందేహం. మీరు ప్రస్తావించిన మాట రోమా 8:8. దాని మరుసటి వచనమే, దేవుని ఆత్మ మీలో నివసించియున్నయెడల మీరు శరీరస్వభావము గలవారు కారని చెబుతుంది. అంటే అక్కడ పౌలు విశ్వాసులను మంచివారు, చెడ్డవారు అని రెండు బారులుగా నిలబెట్టడం లేదు; క్రీస్తు ఆత్మ లేనివాడు ఆయనవాడు కానే కాడని, ఆయనవారందరిలో ఆ ఆత్మ నివసిస్తున్నాడని చెబుతున్నాడు. మరి లోపల ఈ పోరాటం ఎందుకు? గలతీ 5:17 దానికి సూటిగా జవాబిస్తుంది: శరీరం ఆత్మకు, ఆత్మ శరీరానికి విరోధంగా అపేక్షిస్తాయి. ఎదిరించేవాడు లోపల లేకపోతే పోరాటమే ఉండదు. అసూయతో రగిలిపోయిన మనిషి ఆ అసూయను హక్కుగా సమర్థించుకుని హాయిగా నిద్రపోవచ్చు. మీరు నిద్రపోలేక ఉత్తరం వ్రాశారు. దానిని పరిశుద్ధాత్మ లేడనడానికి ఆధారంగా తీసుకోవడం నాకు సబబుగా తోచదు.

భాషల వరం విషయంలో సంఘాల మధ్య భేదాభిప్రాయాలున్నాయి, వాటిని ఇక్కడ తేల్చబోవడం లేదు. అయితే ఒక సంగతి మాత్రం ఎవరూ కాదనలేరు. కొరింథు సంఘానికి ఏ కృపావరంలోనూ లోపం లేదని మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో వ్రాసిన పౌలే, మూడవ అధ్యాయానికి వచ్చేసరికి వారిలో అసూయ, కలహం ఉన్నాయి గనుక వారు శరీరసంబంధులని అన్నాడు. భాషలతో మాట్లాడిన సంఘాన్నే అలా అన్నాడంటే, భాషలు వచ్చినంత మాత్రాన మీ కోపం దానంతటదే పోదని గ్రహించండి.

రోమా 7వ అధ్యాయంలోని "నేను చేయగోరు మేలుచేయక చేయగోరని కీడు చేయుచున్నాను" అన్న మాట మీ స్థితిలా కనిపించవచ్చు. అది విశ్వాసి అనుభవమా, ధర్మశాస్త్రం క్రింద ఉన్న మనిషి అనుభవమా అన్నది చాలాకాలంగా నలుగుతున్న చర్చ. అగస్టీనే మొదట ఒక విధంగా, తరువాత మరొక విధంగా భావించాడు. నాకు అంతకంటె ముఖ్యంగా కనిపించేది ఆ పోరాటంలోని ఒంటరితనం. 7వ అధ్యాయంలో ఆ భాగమంతా నేను, నాలో, నన్ను అన్న మాటలే. 8వ అధ్యాయం తెరవగానే "ఏ శిక్షావిధియు లేదు" అన్న తీర్పు వినిపిస్తుంది, వెంటనే ఆత్మ ప్రస్తావన వస్తుంది, ఆ తరువాత పేజీ నిండా ఆయనే. ఈ వరుస చాలా ముఖ్యం. ముందు తీర్పు, తరువాత పోరాటం. శిక్ష తప్పించుకోవడానికి పోరాడేవాడు ఓడిన ప్రతిసారీ దేవుని నుండి పారిపోతాడు. శిక్ష లేదని తెలిసి పోరాడేవాడు ఓడినప్పుడు దేవుని దగ్గరికే పరుగెత్తగలడు.

అలాగని చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. "ఆత్మచేత శారీర క్రియలను చంపినయెడల జీవించెదరు" అన్న రోమా 8:13లో చంపవలసినది మనమే, చంపే బలం ఆత్మది. ఆచరణలో అది ఎలా ఉంటుందో రోమా 13:14 చూపిస్తుంది: ప్రభువైన యేసుక్రీస్తును ధరించుకొని, శరీరేచ్ఛలను నెరవేర్చుకొనుటకు శరీరము విషయమై ఆలోచన చేసికొనకుడి. 386లో మిలాను నగరంలోని ఒక తోటలో అగస్టీను తెరచి చదివినది ఈ భాగమే. అతని పోరాటం కామానికి సంబంధించినది. మీది కోపానికి సంబంధించినది. కోపం విషయమై ఆలోచన చేసుకోవడం ఎలా జరుగుతుందో చూడండి. ఒకరు నొప్పించే మాట అన్నారు. ఆ క్షణంలో మీరేమీ అనలేదు. రాత్రి పడుకున్నాక అనవలసిన జవాబును మనసులో కూర్చడం మొదలవుతుంది. ఒక మాట తీసి అంతకంటె పదునైన మాట పెడతారు, అవతలివారు ఏమంటారో ఊహించి దానికీ జవాబు సిద్ధం చేస్తారు, ఎవరి ముందు అంటే వారికి ఎక్కువ తగులుతుందో కూడా లెక్క వేస్తారు. మరునాడు నోరు జారిందని మనం అంటాం గాని, అది జారినది కాదు, రాత్రంతా నూరిపెట్టుకున్నది. శరీరకార్యాన్ని చంపవలసిన చోటు ఆ పడక మీదనే. ఆ మొదటి వాక్యం తయారవుతుండగానే దానిని ఉన్నదున్నట్లుగా, మర్యాద పూత పూయకుండా, ప్రభువుతో చెప్పండి. "నాకు బాధగా ఉంది ప్రభువా" అనడం కంటె "అతణ్ణి నలుగురిలో చిన్నబుచ్చాలని ఉంది ప్రభువా" అనడం నిజమైన ప్రార్థన.

నోటి నుండి మాట అప్పటికే వెలువడి ఉంటే, ఇంట్లోవారి దగ్గరికి వెళ్లి, "నేను మాట్లాడిన తీరు తప్పు" అని చెప్పి అక్కడితో ఆపండి. "కాని నువ్వు కూడా" అని కలిపిన క్షమాపణలో శరీరం మళ్లీ లేచి కూర్చుంటుంది. బాధ్యత పొందిన ఆ సహోదరుడి కోసం పేరు పెట్టి ప్రార్థించండి; అతని పరిచర్య ఫలించాలని అడగండి. మొదట్లో అది మనస్ఫూర్తిగా రాదు. రాకపోయినా అడగండి.

ప్రశ్న: నా భర్త ఈమధ్య కొన్ని బోధలు విని, దేహానికి సుఖమిచ్చేదంతా శరీరసంబంధమైనదని చెబుతున్నారు. నిద్ర బాగా తగ్గించారు, వైద్యుడు ఇచ్చిన మందులు మానేస్తానంటున్నారు, దాంపత్య జీవితానికి కూడా దూరంగా ఉండాలని తనంతట తానే నిర్ణయించుకున్నారు. ఆత్మీయత అంటే ఇదేనా?
— ఒక సహోదరి

జవాబు: కాదమ్మా. పై జవాబులో చెప్పినట్లు పౌలు ఖండించిన శరీరం వేరు, దేవుడు సృజించిన దేహం వేరు. ఆ దేహం పరిశుద్ధాత్మకు ఆలయమని 1 కొరింథీ 6:19 చెబుతుంది. వాక్యము శరీరధారియై మన మధ్య నివసించెనని యోహాను సాక్ష్యమిస్తాడు. ఆ ప్రభువు ప్రయాణం వలన అలసి బావి దగ్గర కూర్చున్నాడు, తుపానులో దోనె మీద నిద్రపోయాడు, 40 దినాల ఉపవాసం తరువాత ఆకలిగొన్నాడు. ఆ ఆకలి పాపం కాదు. తండ్రి చిత్తాన్ని విడిచి తన శక్తిని తన కోసమే వాడుకొమ్మని సాతాను పెట్టిన ఒత్తిడే శోధన. ఇక ఏలీయా సంగతి చూడండి. చచ్చిపోతే బాగుండునని బదరీవృక్షం క్రింద పడుకున్న ఆ ప్రవక్తకు దేవుడు మొదట పంపినది ఉపదేశం కాదు; రొట్టె, నీళ్లు, మళ్లీ నిద్ర, మళ్లీ రొట్టె, నీళ్లు. మెల్లని స్వరం వినిపించినది ఆ తరువాతనే.

దాంపత్యం విషయంలో లేఖనం ఇంకా స్పష్టంగా ఉంది. ప్రార్థన కోసం కొంతకాలం ఎడబాయవచ్చు గాని అది ఇద్దరి సమ్మతితో జరగాలని, తరువాత మరల కలిసికొనాలని 1 కొరింథీ 7:5 నిర్దేశిస్తుంది. మీ సమ్మతి లేకుండా ఆయన ఒక్కరే తీసుకున్న నిర్ణయం ఎంత భక్తిగా కనిపించినా, ఆ వాక్యానికి లోబడినది కాదు. వివాహాన్ని నిషేధించే బోధను 1 తిమోతి 4వ అధ్యాయం దయ్యముల బోధలతోనే జత చేసింది.

మందుల విషయం ఆలస్యం చేయవలసినది కాదు. తిమోతికి తరచుగా వచ్చే బలహీనతల కోసం పౌలు ప్రార్థించమని మాత్రమే చెప్పి ఊరుకోలేదు, కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మని వ్రాశాడు. వైద్యుడైన లూకా ఆయన ప్రియమైన తోటి పనివాడు. ముందుగా మీ భర్తను ఆ వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లండి. నిద్ర ఉన్నట్లుండి బాగా తగ్గిపోవడం ఒక్కొక్కసారి అనారోగ్య లక్షణం కూడా అయి ఉండవచ్చు, కాబట్టి ఆ సంగతి కూడా వైద్యుడికి చెప్పండి. బోధ సంగతి ఆయన గౌరవించే ఒక పెద్దతో, మీరిద్దరూ కలిసి కూర్చుని మాట్లాడండి.

ప్రశ్న: నా మనసులో పుట్టిన ఆలోచన ఆత్మ నడిపింపో, నా కోరికో ఎలా తెలుస్తుంది? మా యువజన సహవాసంలో ఒకరు ఏ నిర్ణయం తీసుకున్నా "ఆత్మ నాతో చెప్పాడు" అంటారు, ఇక ఎవరూ నోరు మెదపలేరు.
— ఒక విద్యార్థి

జవాబు: నోరు మెదపలేకపోవడమే అనుమానించవలసిన సంగతి. పైనుండి వచ్చే జ్ఞానం పవిత్రమైనది, సమాధానకరమైనది, మృదువైనది అని చెబుతూ యాకోబు 3:17 "సులభముగా లోబడునది" అని కూడా అంటుంది. ప్రశ్నించడానికి వీలు లేని నడిపింపును ఆ వచనం పక్కన పెట్టి చూడండి. ప్రతి ఆత్మను నమ్మక పరీక్షించమని 1 యోహాను 4:1 ఆజ్ఞాపిస్తుంది గనుక, పరీక్షించడం అవిశ్వాసం కాదు.

మీ సొంత ఆలోచన విషయంలో మొదట చూడవలసినది అది వ్రాయబడిన వాక్యానికి విరుద్ధమా అన్నది. లేఖనాలను వ్రాయించిన ఆత్మ వాటికి విరుద్ధంగా నడిపించడు. విరుద్ధం కాకపోతే, అందులో ఎవరి ఘనత పెరుగుతుంది, ఎవరి మీద భారం పడుతుంది అని అడగండి. చదువుకు, ఉద్యోగానికి సంబంధించిన చాలా నిర్ణయాలలో రెండు దారులూ సరైనవే కావచ్చు. అక్కడ ఒక ప్రత్యేకమైన స్వరం కోసం నెలల తరబడి ఎదురుచూడడం కంటె వివేకంతో ఒకటి ఎన్నుకోవడం మంచిదని నా అభిప్రాయం.

యెరూషలేములో అపొస్తలులు, పెద్దలు సమకూడినప్పుడు ఏం జరిగిందో అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో చూడవచ్చు. చాలాసేపు తర్కం జరిగింది. పేతురు మాట్లాడాడు, బర్నబా, పౌలు తాము చూసినవి వివరించారు, యాకోబు ప్రవక్తల మాటలను ఎత్తి చూపాడు. ఆ తరువాతనే వారు సంఘాలకు వ్రాసిన ఉత్తరంలో ఇది పరిశుద్ధాత్మకూ తమకూ తోచిన నిర్ణయమని పేర్కొన్నారు. మీ సహవాసంలో ఈసారి ఆ మాట వినబడినప్పుడు, ఆ అధ్యాయాన్ని అందరూ కలిసి చదివి, ఆ తరువాత మీ ప్రశ్నలు అడగండి.