‘సే అగైన్’ అనడానికి మొహమాటపడకు

అమ్మలూ,

ఫ్లయింగ్ స్కూల్లో చేరకముందే నీకు ఇంగ్లిష్ భయం పట్టుకుందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. రాజాంలో తెలుగు మీడియం చదువు, పైగా మన సికాకులం యాస, రేడియోలో నోరు తెరిస్తే టవర్‌లో కూర్చుని విమానాలకి దారి చెప్పే కంట్రోలర్లు నవ్వుతారేమోనని నీ బెంగ అట. ఎవరూ నవ్వరు, నవ్వే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. పైలట్లకైనా కంట్రోలర్లకైనా ఇంగ్లిష్‌లో ఆరు లెవెల్స్ ఉంటాయి, నాలుగోది వస్తే చాలు. యాస ఉండకూడదని అందులో ఎక్కడా లేదు, యాస వల్ల ఎదుటివాళ్లకు అర్థంకాకుండా పోకూడదు, అంతే. నిమిషానికి వంద మాటలు దాటకుండా మాట్లాడమని రూలే ఉంది కాబట్టి నీ వేగం తగ్గించుకో, యాస దాని మానాన అదే సర్దుకుంటుంది.

టవర్‌లో పనిచేసినన్నాళ్లూ నాకు టెన్షన్ పెట్టింది యాస ఉన్న పైలట్లు కాదు. సగం విని, మిగతా సగం ఊహించుకుని, గబగబా ‘రోజర్’ అనేసేవాళ్లు. నీ విషయంలో నా భయం కూడా అదే. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఏదైనా చెప్తే “ఏటన్నారు?” అని రెండోసారి అడిగిన పిల్లకి చీవాట్లు పడతాయి. అంచేత అర్థం కాకపోయినా, నాయనమ్మ కథకి నిద్రలో ఊ కొట్టినట్టు ఊ కొట్టేయడం చిన్నప్పుడే అలవాటైపోతుంది. ఆ అలవాటు కాక్‌పిట్‌లోకి తీసుకెళ్లకు.

‘రోజర్’ అంటే మీరు చెప్పింది మొత్తం అందింది అని మాత్రమే. సరేనన్నట్టూ కాదు, చేస్తానన్నట్టూ కాదు. రన్‌వే నంబరు, ఎత్తు, హెడింగ్ (విమానం ముక్కు ఉండాల్సిన దిక్కు), ఆల్టిమీటర్ (ఎత్తు చూపే మీటర్) సెట్టింగ్, స్క్వాక్ కోడ్ (రాడార్‌లో నిన్ను గుర్తుపట్టే నంబరు), రన్‌వే మీదికి రమ్మన్నా బయటే ఆగమన్నా, ఇవన్నీ నీ నోటితో తిరిగి చెప్పి, చివర్లో కాల్‌సైన్, అంటే రేడియోలో నీ విమానం పేరు, చెప్పాలి. నువ్వు తప్పు చెప్తే కంట్రోలర్ దిద్దుతాడు కదా అని ధీమాగా ఉండకు. ఆయనా మనిషే, తను వినాలనుకున్నదే వినే ప్రమాదం ఆయనకీ ఉంది. అవతల నుంచి ఏ జవాబూ రాకపోతే అంతా సరిగ్గానే ఉందని కాదు. అనుమానం ఉంటే ‘సే అగైన్’, అంటే మళ్లీ చెప్పండి, అని అడుగు.

స్పెయిన్‌ దీవి టెనెరీఫ్‌లో జరిగిన ప్రమాదం సంగతి నీకు క్లాసులో చెప్తారు, కానీ నేను చెప్పేది ఇంకో కోణం. 1977 మార్చి 27న పొగమంచులో ఒకే రన్‌వే మీద రెండు జంబో జెట్‌లు, ఒకటి కేఎల్‌ఎమ్ కంపెనీది, ఇంకోటి పాన్ యామ్‌ది. కేఎల్‌ఎమ్ కో-పైలట్ రూట్ క్లియరెన్స్ (వెళ్లాల్సిన దారికి టవర్ ఇచ్చే అనుమతి) తిరిగి చదివి, చివర్లో “వుయ్ ఆర్ నౌ ఎట్ టేకాఫ్” అన్నాడు. టేకాఫ్‌కి సిద్ధంగా నిలబడ్డారని టవర్ అనుకుంది, విమానం అప్పటికే కదులుతోంది. కంట్రోలర్ “ఓకే” అని, ఒక క్షణం ఆగి, టేకాఫ్‌కి స్టాండ్‌బై, నేను పిలుస్తాను అన్నాడు. సరిగ్గా అప్పుడే పాన్ యామ్ వాళ్లు మేమింకా రన్‌వే మీదే ఉన్నామని చెప్పారు. ఒకే ఫ్రీక్వెన్సీలో ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కితే మాటలు కీచుమనే శబ్దంలో కలిసిపోతాయి, కేఎల్‌ఎమ్ కాక్‌పిట్‌లో తేటగా వినపడింది ఆ “ఓకే” ఒక్కటే. ఆ తర్వాత వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజినీరు, పాన్ యామ్ ఇంకా పక్కకి వెళ్లలేదా అని అడిగాడు కూడా. కెప్టెన్ కంపెనీలోనే పేరున్న శిక్షకుడు, వెళ్లిపోయిందని గట్టిగా అన్నాడు, ఇంజినీరు ఊరుకున్నాడు. రెండు విమానాలూ గుద్దుకుని 583 మంది పోయారు. ఇప్పుడు టేకాఫ్‌కి అనుమతి ఇచ్చేటప్పుడో దాన్ని రద్దుచేసేటప్పుడో తప్ప ‘టేకాఫ్’ అనే మాట వాడకూడదు, మిగతా చోట్ల ‘డిపార్చర్’ అనాలి. కానీ నువ్వు ఆ ఇంజినీరు గురించి కూడా ఆలోచించు. అడిగాడు, జవాబు నచ్చలేదు, రెండోసారి అడగలేదు.

ఇంకోటి, 1990 జనవరి 25న న్యూయార్క్‌లో దిగాల్సిన, కొలంబియా కంపెనీ ఏవియాంకా విమానం. గంటకు పైగా గాల్లో తిప్పారు, ఇంధనం అయిపోవస్తోంది. ఎమర్జెన్సీ అని చెప్పమని కెప్టెన్ అంటే కో-పైలట్ మామూలు గొంతుతో, ఇంధనం అయిపోతోంది అని, వేరే సంగతితో పాటు కలిపి చెప్పాడు. అంతకుముందు ‘ప్రయారిటీ’ అన్నారు, ‘ఎమర్జెన్సీ’ అనలేదు. కంట్రోలర్ చేతిలో ఇంకా చాలా విమానాలు ఉంటాయి, నీ గొంతులోని దిగులు ఆయనకు చేరదు, సరైన మాట ఒక్కటే చేరుతుంది. ప్రాణం మీదికొస్తే ‘మేడే’ మూడుసార్లు, అంత కాకపోయినా గట్టి ఇబ్బందైతే ‘పాన్ పాన్’ మూడుసార్లు. చెప్పిన పని నీ విమానంతో కాదనుకుంటే ‘అనేబుల్’ అను. అది ఎదురుచెప్పడం కాదు. ఆ రోజు ఇంధనం అయిపోయి ఏవియాంకా విమానం కూలి 73 మంది పోయారు.

మన దేశంలో హర్యానాలోని చర్ఖీ దాద్రీ ప్రమాదం ఉంది, 1996 నవంబర్ 12, 349 మంది పోయారు. 15,000 అడుగుల దగ్గర ఆగాల్సిన కజక్ విమానం ఇంకా దిగి, 14,000లో వస్తున్న సౌదీ విమానాన్ని గుద్దింది. కజక్ విమానంలో కంట్రోలర్‌తో మాట్లాడింది వెనక కూర్చున్న రేడియో ఆపరేటర్, విమానం నడిపింది వేరేవాళ్లు. నువ్వు రేడియోలో చదివిన ఎత్తు, నీ పక్కనున్నవాళ్ల చెవిలో కూడా పడిందో లేదో చూసుకో.

ఇక సాధన. రోజూ సాయంత్రం మీ తమ్ముడి చేత గాలి దిశ, రన్‌వే, స్క్వాక్ కలిపి ఒక క్లియరెన్స్ చదివించుకో, పక్కన మిక్సీ తిరుగుతూ ఉండాలి. మోకాలి మీద కాగితంలో పొట్టి గుర్తులతో రాసి, మొత్తం తిరిగి చెప్పు. మూడు, అయిదు, తొమ్మిది అంకెల్ని ‘ట్రీ’, ‘ఫైఫ్’, ‘నైనర్’ అనే పలుకు, మొదట్లో సిగ్గేస్తుంది, ఆ హోరులో అవే నిలుస్తాయి. బటన్ నొక్కే ముందు ఎవరైనా మాట్లాడుతున్నారేమో విను, నొక్కాక ఒక్క క్షణం ఆగి మొదలుపెట్టు, లేకపోతే నీ మాటలో మొదటి ముక్క తెగిపోతుంది. నీ కాల్‌సైన్ లాంటిదే ఇంకోటి ఫ్రీక్వెన్సీలో ఉంటే చెవులు రెండింతలు రిక్కించు. (రేపు భోగాపురం రన్‌వే మీద నువ్వు దిగే రోజు ఊరంతా వస్తాం, అది వేరే సంగతి.)

స్కూల్లో పదిమందీ వాడే హెడ్‌సెట్‌తో సర్దుకోకు, సొంతది కొనుక్కో. మైకు పెదవికి దాదాపు తగిలేంత దగ్గరగా ఉండాలి. డబ్బు సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతాను.

మీ పెదనాన్న,
విజయనగరం