మాయ్ పాయ్ అనకు

బుజ్జమ్మా,

మొన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "మన పిల్ల థాయ్‌లాండ్‌లో, చియాంగ్ మాయ్‌లో లెక్కల టీచరుగా చేరుతోందిరా" అన్నాడు. గొంతులో సంబరం ఎంతో కంగారూ అంతే. నాకూ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన ఇంట్లో ఆ దేశం ఉప్పు తిన్నవాణ్ణి నేనొక్కణ్ణే అని ఇన్నాళ్ళూ గొప్పలు పోయాను. ఇక నువ్వూ తోడయ్యావు.

కాగితాలన్నీ రెండేసి జిరాక్సులు తీయించుకో. బండెక్కితే హెల్మెట్ పెట్టుకో. మాట చివర ఆడవాళ్ళు మర్యాదకి చేర్చే "ఖా" మర్చిపోకు. తేదీల్లో ఏడాది చూసి హడలిపోకు, వాళ్ళ బౌద్ధ శకం మన లెక్కకన్నా 543 ఏళ్ళు ముందుంటుంది. అక్కడి వాళ్ళు ఇళ్ళలో ఖమ్ మువాంగ్ అనే ఉత్తరాది భాష మాట్లాడుకుంటారు, అది అర్థం కాలేదని బెంగపడకు.

నా భయం వేరే. "థాయ్‌లో క్రియలకి భూతకాలమే లేదట బాబాయ్, భలే ఈజీ" అని మెసేజ్ పెట్టావు చూడు, అది చదివాక గుండె జారింది. 1994లో, వాళ్ళ లెక్కలో 2537లో, నేనూ అచ్చం అదే మాట అన్నాను.

నిజమే, పాయ్ అంటే వెళ్ళడం. నిన్న వెళ్ళినా రేపు వెళ్ళబోతున్నా పాయే. నిన్న అనడానికి "ముయా వాన్" అని ఒక్క ముక్క తగిలిస్తే సరి. రోజు, పూటల ముందు ఈ "ముయా" ఉంటే గడిచిపోయిన సంగతని గుర్తు: ముయా ఛావ్ అంటే ఇవాళ గడిచిన పొద్దున, ముయా ఖూన్ అంటే నిన్న రాత్రి. క్రియకి ముందు "ఖోయ్" వస్తే ఎప్పుడో ఒకసారి చేశామనో, ఒకప్పుడు అలవాటు ఉండేదనో అర్థం. "ఫెంగ్" వస్తే ఇప్పుడిప్పుడే. స్వరాలు, అంటే మాటలో గొంతు ఎత్తడం దించడం, తెలుగు అక్షరాల్లోకి రావు, అవి అక్కడి పిల్లల దగ్గరే నేర్చుకో, నవ్వుతూ దిద్దుతారు.

"ల్యావ్" సంగతి చూడు. మన "చెప్పాడు"లో "ప్పా" దగ్గర నోరెలా సాగుతుందో అలా సాగాలి. పుస్తకాల్లో "అయిపోయింది" అని రాస్తారు. కానీ అది భూతకాలం గుర్తు కాదు, పరిస్థితి మారిందని చెప్పడం. మా గేటు దగ్గర కుర్రాడు సంచి భుజాన వేసుకుని, నా ఎదురుగానే నిలబడి "పాయ్ ల్యావ్ నా" అనేవాడు. వెళ్ళిపోయినవాడు ఇక్కడెందుకున్నాడని నేను బుర్ర గోక్కునేవాణ్ణి. నువ్వు ఇంట్లో చెప్పులు వెతుక్కుంటూ ఫోన్లో "వచ్చేశా, వచ్చేశా" అంటావు కదా, అదే ఇది.

ఇక అసలు సంగతి. నేను బ్యాంకాక్‌కి ఉత్తరాన అయుత్తయ వైపు ఒక నూలు మిల్లులో మెకానిక్‌ని. నూలుని కోన్లకి చుట్టే కోన్ వైండింగ్‌లో పనిచేసే ఒక పెద్దావిడ, అందరూ "పా" అనేవాళ్ళు, అంటే పెద్దమ్మ, నేను మాంసం ముట్టనని తెలిసి నాకోసం విడిగా టోఫు, తోటకూర వేపి తెచ్చేది. నాలుగు గిన్నెల క్యారియర్, దాన్ని అక్కడ "పిన్‌తో" అంటారు. పై గిన్నె నాది.

ఆవిడ తల్లి పోయింది. వాళ్ళ పద్ధతిలో శవాన్ని గుడిలో ఉంచి, రోజూ సాయంత్రం భిక్షువుల చేత పారాయణ చేయించి, చివరి రోజు దహనం చేస్తారు. అక్కడ ఐదు రాత్రులన్నారు. మూడో రోజు తోటి మెకానిక్ అడిగాడు, "పాయ్ వాత్ రు యాంగ్?" గుడికి వెళ్ళావా ఇంకా లేదా అని. నేను చివరి రోజు వెళ్దామనుకున్నాను. అప్పటికి వెళ్ళలేదు. "మాయ్ పాయ్" అనేశాను.

వెళ్ళలేదు అన్నాననుకున్నాను తల్లీ. నిజానికి అన్నది "వెళ్ళను".

దహనం రోజు తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని గేటు దగ్గర నిలబడ్డాను. అందరినీ తీసుకెళ్ళే పికప్ గంట క్రితమే వెళ్ళిపోయింది. రానన్నాడు కదా అని నా పేరు తీసేశారు. ఆ ఊరెక్కడో నాకు తెలియదు. ఎండలో సాయంత్రం దాకా అలాగే నిలబడ్డాను.

వారం తర్వాత పా పనిలోకి వచ్చింది. క్యారియర్ తెచ్చింది. పై గిన్నె నాకే పెట్టింది. ఒక్క మాట అనలేదు, నవ్వింది. వాళ్ళు నొచ్చుకున్నా నవ్వుతారు, అందుకే నీ తప్పు నీకెవరూ చెప్పరు. నాకు నెల తర్వాత, ఇంగ్లీషు వచ్చిన సూపర్‌వైజర్ చెబితే తెలిసింది.

ఇంతా చేస్తే తేడా మన భాషలోనే ఉంది. మాయ్ పాయ్: వెళ్ళను. మాయ్ దాయ్ పాయ్: వెళ్ళలేదు. పాయ్ మాయ్ దాయ్: వెళ్ళలేను, లేదా వెళ్ళలేకపోయాను. ఇంకా వెళ్ళలేదు, వెళ్తాను అనాలంటే "యాంగ్ మాయ్ దాయ్ పాయ్". నేను రాలేదు, వాడు రాలేదు, వాళ్ళు రాలేదు అని మనమూ ఒక్క "లేదు"తో అందరికీ సరిపెడతాం. అయినా నాకు తట్టలేదు. పైగా "దాయ్" అంటే భూతకాలమని ఎవరో చెబితే, అక్కర్లేని చోటల్లా తగిలించేవాణ్ణి. దాయ్ అంటే దొరకడం కూడా. నేను అన్నం తిన్నాననబోతే, తినే భాగ్యం దొరికిందన్నట్టు వినబడేది. కావలసిన ఒక్క చోటా మింగేశాను.

నీకసలే ముక్తసరిగా మాట్లాడే అలవాటు. "లేదు" అనాల్సిన చోట తల అడ్డంగా ఊపి ఊరుకుంటావు. పెళ్ళిచూపులప్పుడు కూడా అంతే, ఇప్పుడు తిట్టను లే. కానీ అక్కడ ఆ ఒక్క ముక్క తగ్గించకు.

తర్వాత పా దగ్గరికి వెళ్ళి, వచ్చీ రాని భాషలో "మాయ్ ఛాయ్ మాయ్ పాయ్" అన్నాను, వెళ్ళననడం కాదని. ఆవిడ నా చేతిలో గిన్నె పెట్టి "కిన్, కిన్" అంది, తిను తిను అని. నేను వచ్చేసేటప్పుడు ఆ క్యారియరే ఇచ్చింది. మీ పిన్ని తోమి పెట్టింది, ఆదివారం వచ్చి పట్టుకెళ్ళు. ఒక గిన్నెకి సొట్ట ఉంది, అది నా వల్లే.

అక్కడికి చేరాక రోజూ రాత్రి ఫోన్ చేసి "కిన్ ఖావ్ రు యాంగ్" అని అడుగుతాను. అన్నం తిన్నావా అని మనం అడిగినట్టే. తింటే "కిన్ ల్యావ్" అను, తినకపోతే "యాంగ్" అను. "మాయ్ కిన్" అన్నావో, అలిగావనుకుని మర్నాడే విమానం ఎక్కేస్తాను.

మీ బాబాయి