పాము నోట్లో కప్ప

అమ్మాయ్,

నీ కథ అందింది. వచనం చక్కగా నడిచింది. ఆరో పేజీ దగ్గర మాత్రం ఒళ్లు మండింది.

అమెరికా ఉత్తరాన మిన్నెసోటాలో జులై రాత్రి ఇంటి వెనక కుంటలో లెపర్డ్ ఫ్రాగులు, అంటే ఆ మచ్చల కప్పలు, బెకబెకమంటున్నాయని రాశావు. ఆ మగకప్ప పిలిచేది వసంతంలో. అక్కడైతే ఏప్రిల్, మే. నీళ్లమీద తేలుతూ, నోరు మూసుకునే, రెండు పక్కలా గాలిసంచులు ఉబ్బించి మూడు సెకన్లపాటు గురక పెడుతుంది. ఆ వెనకే తడిచేత్తో బెలూన్ని రుద్దినట్టు కొన్ని పొట్టి మూలుగులు. ఇదంతా అలంకారం అనుకోకు. న్యూయార్క్ చుట్టుపక్కల కళ్లెదుట తిరిగే లెపర్డ్ ఫ్రాగు వేరే జాతి అని 2012లో తేలిందంటే దారి చూపింది దాని పిలుపే. దానికి గురక లేదు, 'చక్' అని ఒక్క ముక్క, అంతే.

గుడ్లు పెట్టడానికి చేపల్లేని కుంట కావాలి. అది అయిపోయాక కప్ప పచ్చికబయళ్లకి ఎక్కేస్తుంది. జులైలో గడ్డిలో కదలకుండా కూర్చుని మిడత, పురుగు, వానపాము, నోట్లో పట్టే చిన్నకప్ప, ఏదొస్తే అది మింగుతుంది. నాచు తినేది తోకకప్పగా ఉన్నప్పుడే.

చలికాలంలో దాన్ని మన ఊరి కప్పలా మట్టిలో పూడ్చావు. అది అడుగుదాకా గడ్డకట్టని చెరువులో, నీటి అడుగున కూర్చుని, చర్మంతోనే ఆక్సిజన్ పీలుస్తుంది. పైన మంచు దట్టంగా పేరుకుంటే వెలుతురు దిగదు. నీటిమొక్కలు ఆక్సిజన్ ఇవ్వవు, కుళ్లే ఆకులు ఉన్నది కాస్తా లాగేస్తాయి. కప్పలు గుంపులుగా చస్తాయి. విషాదమే కావాలంటే అక్కడ బోలెడుంది.

నువ్వు దాని ఒంటిమీద పెట్టిన చదరపు మచ్చలు పికరెల్ ఫ్రాగు అనే వేరే జాతి కప్పవి. దాని చర్మంలో విషం, చాలా పాములు వదిలేస్తాయి. లెపర్డ్ ఫ్రాగు మచ్చలు గుండ్రం, చుట్టూ లేత అంచు. విషం లేదు కనక కొంగకీ, రకూన్‌కీ, గార్టర్ పాముకీ తిండే. వంకరటింకరగా ఎగిరి గడ్డిలో కలిసిపోవడమే దాని ఉపాయం.

ఇక పాము నోట్లో కప్ప "మౌనంగా కన్నుమూసింది" అన్నావే, ఆ మాట. పాము పట్టిన లెపర్డ్ ఫ్రాగు నోరు బార్లా తెరిచి కీచుమని అరుస్తుంది. ఆడదైనా సరే. పిలుపులన్నీ నోరు మూసుకుని చేసే ప్రాణి నోరు తెరిచి అరిచేది అప్పుడే. కథంతా పెదవి విప్పని నీ సుజాత గుమ్మంలో నిలబడి ఉండగా ఆ అరుపు వినపడితే చాలదూ? ఇలాంటి వాక్యాన్నే సంపాదకులు "సమాచారం ఎక్కువైంది" అని కొట్టేస్తారు. పేజీన్నర వెన్నెలని మాత్రం ముట్టుకోరు. నువ్వు కొట్టెయ్యకు.

నువ్వడిగిన కలంపేరు సంగతి తర్వాత. ముందు కథని మే నెలకి జరుపు. జులైలోనే ఉంచుతానంటే పిలుపులు తీసేసి, పాముని గడ్డిలో పెట్టు. తిరగరాసింది పంపేటప్పుడు కాగితానికి ఒకవైపే రాయి.