మేతలో ఆమ్లం కలిపితే సాల్మొనెల్లా తగ్గుతుందా?

ప్రశ్న: తణుకు దగ్గర మాకు లేయర్ కోళ్ల ఫారం ఉంది. దాణా మేమే ఆడించుకుంటాం. పెంట పరీక్షలో సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉన్నట్లు తేలింది. దాణాలో సేంద్రియ ఆమ్లం కలపమని ఒకరు, ప్రోబయాటిక్ (మేలుచేసే సూక్ష్మజీవులు) కలపమని మరొకరు అంటున్నారు. ఏది మంచిదండీ? వీటితోపాటు యాంటీబయాటిక్ కూడా ఇవ్వవచ్చా?
– ఒక రైతు

జవాబు: రెండూ ఉపయోగపడేవే, అయితే అవి పనిచేసే చోట్లు వేరు. ఫార్మిక్, ప్రొపియోనిక్ వంటి ఆమ్లాలు బాక్టీరియా పొరను దాటి లోపలికి చేరి అక్కడ ఆమ్లత్వాన్ని పెంచుతాయి. దాన్ని బయటకు నెట్టడానికే శక్తినంతా ఖర్చుచేసుకుని ఆ సూక్ష్మజీవి వృద్ధి చెందలేకపోతుంది. ఈ ప్రభావం దాణాలోనూ, కోడి మెడ దిగువ సంచిలోనూ, కందనకాయలోనూ బాగా ఉంటుంది గాని, సాల్మొనెల్లా తిష్ఠ వేసే పేగుల చివరి భాగానికి మామూలు ఆమ్లం చేరేది బహు తక్కువ. కొవ్వు పూత వేసిన బ్యూటిరిక్ ఆమ్లం అక్కడిదాకా వెళ్లగలదు.

మీది లేయర్ ఫారం కనుక మరొక సంగతి గమనించాలి. గుడ్డు పెంకు కోసం దాణాలో దాదాపు 10 శాతం కలిపే సున్నపురాయి ఆమ్లాన్ని చాలావరకు విరిచేస్తుంది. బ్రాయిలర్ దాణాకు చెప్పిన మోతాదునే మీరు పాటిస్తే ఆశించిన ఫలితం రాదు. లేయర్ దాణాకు ఎంత కలపాలో కంపెనీని అడిగి తెలుసుకోండి.

ప్రోబయాటిక్ ముఖ్యంగా కోడిపిల్లల దశలో అక్కరకొస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కోళ్ల పేగుల్లోని సూక్ష్మజీవులను పిల్లలకు ఇస్తే సాల్మొనెల్లాకు చోటు దొరకదని ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు నుర్మి, రంతాలా 1973లోనే చూపారు. క్లోరిన్ కలిపిన నీటిలో మాత్రం దీన్ని ఇవ్వకండి.

యాంటీబయాటిక్ మేలుచేసే సూక్ష్మజీవులనూ చంపుతుంది, పైగా సాల్మొనెల్లాను మందలోంచి పూర్తిగా తొలగించదు. పశువైద్యుడు చెప్పనిదే వాడవద్దు. మనుషుల ప్రాణరక్షణకు అట్టిపెట్టుకోవలసిన కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్లకు వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2019లోనే నిషేధించింది.

అన్నిటికంటే ముందు ఆ బాక్టీరియా ఎక్కడినుంచి వస్తున్నదో పట్టుకోవాలి. దాణాలో ఎండు చేపలు వాడుతుంటే మొదటి అనుమానం వాటిమీదే. తరువాత ఎలుకలు. మన డెల్టాలో వానాకాలపు తేమకు గోదాములో గడ్డకట్టిన దాణా, మూత లేని నీళ్ల ట్యాంకు కూడా కారణం కావచ్చు. ఎండు చేపలు, ఆడించిన దాణా, ట్యాంకు నీరు, వీటి నమూనాలను విడివిడిగా పరీక్ష చేయించి, ఫలితాలు చూశాకే ఏది కొనాలో నిర్ణయించుకోండి.