తెర చూడకుండా ఆడేవాళ్ల కోసం: అల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు బ్రౌజర్‌లో నడిచే టెక్స్ట్ అడ్వెంచర్ ఆట తయారుచేస్తున్నావని అక్క చెప్పింది. చాలా సంతోషంరా. బొమ్మలేమీ లేవు, అంతా అక్షరాలే కాబట్టి చూపు లేని మావయ్య కూడా ఇబ్బంది లేకుండా ఆడేస్తాడు అన్నావట. ఆ మాట సగమే నిజం. మిగతా సగం కోసమే ఈ ఉత్తరం.

1976లో విల్ క్రౌథర్ రాసి, మరుసటి ఏడాది డాన్ వుడ్స్ పెంచిన కొలాసల్ కేవ్ అడ్వెంచర్ దగ్గర్నుంచీ ఈ తరహా ఆటల్లో గుహ ఎలా ఉందో కంప్యూటర్ మాటల్లో చెబుతుంది, ఎటు వెళ్లాలో మనం టైపు చేస్తాం. చూపు ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ అదే గుహ. ఇంత సమానంగా ఆడుకునే ఆటలు మాకు ఎక్కువ లేవు. అయినా ఎన్నో ఆటల్ని మొదటి గదిలోనే వదిలేయాల్సి వచ్చింది. కథ బాగానే ఉంటుంది. దాన్ని తెర మీదికి తెచ్చే ప్రోగ్రామ్, అక్షరాల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి ఏమీ అందించదు.

నువ్వు పట్టుకోవాల్సిన సూత్రం ఒకటే. కొత్తగా వచ్చిన మాట దానంతటదే, పూర్తిగా, ఒక్కసారే వినిపించాలి. మిగతాదంతా అడిగినప్పుడు దొరకాలి. నువ్వు తెర మీద ఒక్క చూపుతో పాతదేదో కొత్తదేదో పోల్చుకుంటావు. నాకు మాట తర్వాత మాటే వస్తుంది. అక్కర్లేనిది వినిపిస్తే అంతసేపూ నా సమయం పోతుంది, కథ మీది ధ్యాసా పోతుంది.

ముందు, అక్షరాల్ని కాన్వాస్ (పేజీలో బొమ్మలు గీసే చోటు) మీద గీయకు. అలా గీస్తే స్క్రీన్ రీడర్‌కి అది ఖాళీ పెట్టే. మామూలు పేరాగ్రాఫులుగా పేజీలో పెట్టు. వాటిని పట్టుకునే డివ్‌కి, అంటే పేజీలోని ఆ భాగానికి, రోల్ ‘లాగ్’ అని ఇవ్వు. అప్పుడు కింద కొత్తగా చేరిన పేరా మాత్రమే స్క్రీన్ రీడర్ చదువుతుంది, అదీ చదువుతున్న మాట పూర్తయ్యాక. ఆ డివ్ పేజీ తెరుచుకున్నప్పుడే ఉండాలి. కథతో పాటే దాన్నీ అప్పటికప్పుడు పుట్టిస్తే చాలాసార్లు మొదటి వర్ణన వినిపించదు. ఆటగాడి ప్రతి ఎత్తుకీ మొత్తం కథని చెరిపి మళ్లీ రాయొద్దు, ఆట మొదట్నుంచీ చదవడం మొదలుపెట్టే ప్రమాదం ఉంది. ‘అసర్టివ్’ అనే సెట్టింగ్ జోలికి వెళ్లకు, అది నడుస్తున్న వాక్యాన్ని మధ్యలో తెంచేస్తుంది. అక్షరం తర్వాత అక్షరం టైపు అవుతున్నట్టు వచ్చే ఎఫెక్ట్ మీద నీకు ఇష్టమని తెలుసు. తీసేయ్. మాకు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది, లేదా అసలు వినిపించదు.

ఆటే గట్టిగా మాట్లాడేలా సొంత గొంతు పెడదామని నీకు అనిపిస్తుంది. వద్దు. నా స్క్రీన్ రీడర్ నాకు అలవాటైన వేగంలో, అలవాటైన గొంతుతో ఉంది. రెండూ కలిసి మాట్లాడితే ఏదీ అర్థం కాదు. పైగా చూపూ వినికిడీ రెండూ లేనివాళ్లు బ్రెయిలీ డిస్‌ప్లే మీద వేళ్లతో చదువుతారు. నీ గొంతు వాళ్లకి దేనికీ పనికిరాదు, పేజీలోని అక్షరాలు పనికొస్తాయి.

ఇక వెనక్కి చదవడం. ఈ ఆటల్లో ఆనందం అంతా ఇక్కడే ఉంది. పది గదుల కిందట గోడ మీద ఏం రాసి ఉందో మళ్లీ చూడాలి కదా. తెరని క్లియర్ చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. పాత కథంతా ఉంచు. ఆటగాడు ఇచ్చిన ప్రతి కమాండ్‌నీ ఒక హెడింగ్‌గా మార్చు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు పేజీ చదివే బ్రౌజ్ మోడ్‌లో షిఫ్ట్‌తో పాటు ‘H’ కీ నొక్కుతూ ఒక్కో ఎత్తూ వెనక్కి వెళ్తారు, ‘E’ కీ నొక్కి మళ్లీ టైపు చేసే పెట్టెకి వచ్చేస్తారు. చదువుతున్నవాణ్ణి నీ కోడ్ బలవంతంగా ఆ పెట్టెలోకి లాగకూడదు. ఆ పెట్టెకి ‘కమాండ్’ అని లేబుల్ పెట్టు. పై బాణం కీతో పాత కమాండ్లు రావాలి.

స్కోరు, గది పేరు చూపించే పై వరుసని ప్రతిసారీ చదివించకు. టైపు చేసి అడిగితే చెప్పేలా పెట్టు. తెర నిండగానే ‘ఇంకా ఉంది, కీ నొక్కు’ అని ఆపే పద్ధతి మాకు అడ్డమే. కమాండ్ ముందు పెట్టే బాణం గుర్తుని (>) ‘గ్రేటర్’ అని ప్రతిసారీ వినాలి, దాన్ని స్క్రీన్ రీడర్‌కి కనపడకుండా దాచు. అక్షరాలతో గీసిన బొమ్మలు ‘డాష్ డాష్ బార్’ అని వినిపిస్తాయి. 1987లో వచ్చిన బియాండ్ జోర్క్ అనే ఆట తెర మీద చిన్న మ్యాప్ గీస్తుంది. అలాంటిది నువ్వూ పెడితే, దారులు ఎటెటు ఉన్నాయో మాటల్లో చెప్పే కమాండ్ కూడా ఉండాలి. మ్యాప్ మేం మనసులోనే గీసుకుంటాం, మాకు కావాల్సింది దిక్కులు.

కథ తెలుగులో రాస్తున్నావు కాబట్టి ఇంకో జాగ్రత్త. పేజీ భాష తెలుగని కోడ్‌లో చెప్పు. టెంప్లేట్‌లో ఇంగ్లీషు అని మిగిలిపోతే ఇంగ్లీషు గొంతు తెలుగు అక్షరాల్ని దాటేసి మౌనంగా ఉండొచ్చు. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ ఎన్‌జీ అనే గొంతు ప్రోగ్రామ్‌లో తెలుగు ఉంది, కాబట్టి భాష గుర్తు సరిగ్గా ఉంటే దానంతటదే మారుతుంది. ‘బాక్స్‌లో’ లాంటి మాటల మధ్య కనపడని నాన్-జాయినర్ అక్షరం ఒకటి ఉంటుంది. కొందరి కీబోర్డుల్లో అది వస్తుంది, కొందరికి రాదు. టైపు చేసిన కమాండ్ని నీ జాబితాతో పోల్చే ముందు రెండిట్లోంచీ దాన్ని తీసేయ్, లేకపోతే సరిగ్గా టైపు చేసినవాడికి కూడా ‘అర్థం కాలేదు’ అని జవాబొస్తుంది.

అంధుల కోసం విడిగా ఒక వెర్షన్ చేయకు, ఇది నా గట్టి అభిప్రాయం. మొదట్లో బాగానే ఉంటుంది, తర్వాత బగ్గులు సరిచేయడం అసలు వెర్షన్‌లోనే జరుగుతుంది, మాది అక్కడే ఉండిపోతుంది. అందరికీ ఒకటే ఉండాలి.

పరీక్షించడానికి ఖర్చు అడ్డు కాదు. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కర్రన్ మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ ఉచితం. అందులో స్క్రీన్ కర్టెన్ ఆన్ చేస్తే తెర నల్లబడుతుంది. అలా నీ ఆట చివరిదాకా ఆడు, మౌస్ ముట్టుకోకు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉండే స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్‌తో కూడా ఆడు, మన దగ్గర చాలామంది ఫోన్‌లోనే ఆడతారు. ఈ రకం ఆటల కోసం పనిచేసే ఇంటరాక్టివ్ ఫిక్షన్ టెక్నాలజీ ఫౌండేషన్ వికలాంగులైన ఆటగాళ్లతో పరీక్షలు చేయించి 2019లో నివేదిక ఇచ్చింది. అది తప్పక చదువు. నువ్వు కళ్లు మూసుకుని ఆడినంత మాత్రాన సరిపోదు, రోజూ స్క్రీన్ రీడర్‌తో బతికేవాళ్లని పిలిచి ఆడించు. వాళ్ల సమయానికి డబ్బివ్వు, అది సాయం అడగడం కాదు, పని చేయించుకోవడం.

మొదటి రెండు మూడు గదులు సిద్ధం కాగానే లింకు పంపు. ఆట పూర్తయ్యేదాకా ఆగొద్దు, అప్పటికి మార్చడం కష్టం. ఎక్కడ మాట తెగింది, ఎక్కడ రెండుసార్లు వినిపించింది అన్నీ రాసి పంపుతాను.

మీ మావయ్య